కనకవ్వ వంతు

నా భార్య కనకవ్వను చచ్చాక కూడా మోసం చేసినవాడు ఆమె తమ్ముడు గట్టయ్య.

గడ్డికీ నీళ్లకూ కరువొచ్చి మేకల మందలు తీసేశాక, అందరం తినేది ఫ్యాక్టరీలో పెంచిన మాంసమే. అసలు మేక మాంసం ఏడాదికి ఒక్కసారి, అదీ ఒక్కరే పిల్లలున్న ఇళ్లకో, అసలే లేని ఇళ్లకో మాత్రమే సర్కారోళ్లు వంతుగా ఇస్తారు. మాకు లేరు. గట్టయ్యకు నలుగురు. మా వంతు మాంసం కనకవ్వ ఏటా వండి ఆ పిల్లలకే పెట్టేది. పెడుతూనే, "ఇగ పిల్లలు చాలురా, అందరికీ నీళ్లేడికెళ్లి తెస్తవ్," అని తమ్ముణ్ని తిట్టేది.

ఆమె పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం, కాకి ముట్టాలని. ఆ ఏటి వంతు అప్పటికే గట్టయ్య నాలుగో పిల్ల పురుడు విందుకు పోయింది. విస్తరిలో ఫ్యాక్టరీ కూరే వేశాం. కాకి గోడ మీద కూర్చుంది గానీ దిగలేదు. అది ముట్టకపోతే పోయినామెకు కోరిక తీరనట్టే. నన్ను మంచిగా చూసుకుంటామని చుట్టాలు మొక్కారు. అది కదల్లేదు.

"ఇది ఉత్త రబ్బరని కాకిక్కూడా తెలిసింది బావా," అన్నాడు గట్టయ్య.

"మీ అక్కకేం కావాల్నో నీకు తెల్వదారా?"

వాడు తల దించుకుని చేతులు జోడించాడు. "అక్కా, నలుగురితో సరి. ఇగ కనం."

కాకి దిగి ముద్ద ముట్టింది. ఆడవాళ్లు ఏడ్చారు.

మరుసటేడు వాడికి ఐదో పిల్ల పుట్టింది. కనకవ్వ అని పేరు పెట్టి, పురుడుకు నా వంతు మాంసం అడిగాడు. ఇచ్చాను.

ఎందుకిచ్చావని ఎవరూ అడగొద్దు. ఈ మాట నేనిక ఎత్తను.