స్పీడ్ బ్రేకర్ దగ్గర

మా ఆయన చరణ్‌తేజ్ తన పాత స్పోర్ట్స్ కారుకి కొత్త సస్పెన్షన్ వేయించాడు. అరిగిన స్ప్రింగులు తీయించి, బండిని నేల నాకేంత కిందికి దించాడు. హైవే మీద సింహమే. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే మాత్రం పిల్లి.

"నిఖీ, కొంచెం దిగవా? అడుగు గీసుకుపోద్ది."

దిగుతాను. మేముండే ఈ ఎడారి ఊరు ఉమ్ అల్ క్వైన్ ఎండలో ఆ గట్టు దాటి నడుస్తాను. నాకు చెమటలు కారుతుంటే ఆయనగారికి చీమకుట్టినట్టైనా ఉండదు. అద్దం దించి, చెవి బయటపెట్టి, నిండు చూలాలిని నడిపించినట్టు కారుని దాటిస్తాడు. మళ్లీ ఎక్కగానే, "రైడ్ ఎలా ఉంది?" అంటాడు.

ఈ ఉదయం కల్బా దాకా షికారన్నాడు. కొండ మలుపుల్లో కొత్త సస్పెన్షన్ సత్తా చూడాలట. నేను పెద్ద సూట్‌కేసుతో వచ్చాను.

దాన్ని ఎత్తి చూసి మొహం చిట్లించాడు. "ఇంత బరువా? వెనక దిగిపోద్ది కదా!"

ఒక్కపూట షికారుకి సూట్‌కేసెందుకని మాత్రం అడగలేదు.

వీధి చివర స్పీడ్ బ్రేకర్ రాగానే ఆగాడు. "దిగు. ఆ సూట్‌కేసు కూడా దింపెయ్, ప్లీజ్."

దింపాను.

ఊపిరి బిగబట్టి దాటాడు. గీత కూడా పడలేదు. అవతల తలుపు తెరిచి, కప్పు గెలిచినవాడిలా నవ్వాడు. "యల్లా, ఎక్కు!"

నేను ఇవతలే నిలబడి, వస్తున్న టాక్సీకి చెయ్యెత్తాను. సూట్‌కేసు డిక్కీలో పెట్టించి, "భయ్యా, ఎయిర్‌పోర్ట్ చలియే" అన్నాను.

టాక్సీ ఆ గట్టు ఎక్కి దిగి, ఆయన పక్కనుంచే వెళ్లిపోయింది. నన్నెవరూ దిగమనలేదు.