బండి ఆగిన చోటు

“గన్నవరం పోవాల్సిన బండి కంకిపాడు వైపు పోతోందేంటయ్యా?” అన్నాడు వెంకటకృష్ణారావు, కుర్చీని కంప్యూటర్ దగ్గరికి లాక్కుంటూ.

బెంజ్ సర్కిల్‌లో కోటి నడిపే జీపీఎస్ షాపు అది. తెర మీద ఎర్ర చుక్క ఒకటి బందరు రోడ్డు పట్టుకుని పోతోంది. ఆ చుక్క వెంకటకృష్ణారావు నడిపే ట్రావెల్స్ సుమో. పొద్దున్నే సర్వీసింగ్ అని డ్రైవరు లాజరుకి అబద్ధం చెప్పి, స్టీరింగు కింద ఎవరికీ కనపడకుండా పరికరం బిగించారు. కోటి రెండు రకాలు చూపించాడు. చిన్నదైతే బండి ఎక్కడుందో చెప్పి ఊరుకుంటుంది. పెద్దదైతే ఇక్కణ్ణుంచి ఒక్క మెసేజ్ కొడితే చాలు, ఇంజను ఆపేస్తుంది.

“పెద్దదే పెట్టు. ఆపలేనప్పుడు ఎక్కడున్నాడో తెలుసుకుని ఏం చేసుకోను?” అన్నాడు వెంకటకృష్ణారావు.

లాజరు పదకొండేళ్ళుగా ఉన్న మనిషి. ఈమధ్య సుమోని సొంత బాడుగలకి తిప్పుకుంటున్నాడని ఎవరో చెవిన వేశారు. అది అబద్ధమైతే బాగుండునని ఆయన మనసులోనూ ఉంది. నిజమైతే మాత్రం రేపట్నుంచి లాజరుకి పని లేదు. ఇవాళ ఆ సంగతి తేలిపోవాలి.

ఇంతలో గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగిన పార్టీ నుంచి ఫోను. “బండేదండీ? అరగంట నుంచి ఎండలో నిలబెట్టారు!” ఆయన ముఖం మాడిపోయింది. ఏదో సర్దిచెప్పి, వెంటనే లాజరుకి చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు.

చుక్క కంకిపాడు దాటి, కాలవ గట్టు మీదుగా లోపలికి పోయింది. అక్కడ మ్యాపులో ఊరి పేరు కూడా లేదు. రెండు నిమిషాలు ఆగి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

“చూశావా? ఎవర్నో ఎక్కించుకున్నాడు. కళ్ళెదురుగా నా బండి, నా డీజిలు!”

“గట్టు మీద అరవైలో వస్తున్నాడండీ,” అన్నాడు కోటి అనుమానంగా. “మనిషేదో కంగారులో ఉన్నట్టున్నాడు. ఇంకొక్కసారి ఫోన్ చేసి చూడండి సార్.”

“కంగారూ లేదు, నీ మొహమూ లేదు. నా పార్టీని నిలబెట్టి వాడి బాడుగ వాడు చూసుకుంటున్నాడు. ఆపెయ్.”

“ఆ గట్టు మీద ఇంకో బండి దొరకదేమోనండీ...”

“దొరక్కూడదనేగా! ఆపవయ్యా!”

కోటి మెసేజ్ కొట్టాడు. “మలుపులో స్పీడు తగ్గగానే ఇంజను ఆగిపోతుందండీ, ప్రమాదమేం ఉండదు,” అన్నాడు. ఇద్దరూ తెర వంకే చూశారు. చుక్క నెమ్మదించింది. ఆగిపోయింది.

వెంకటకృష్ణారావు వెనక్కి వాలి కూర్చున్నాడు. పదకొండేళ్ళ నమ్మకం పోయిందన్న బాధ కంటే, దొంగ దొరికాడన్న సంతోషమే ఎక్కువగా ఉంది ఆయనకి. అందుకు కాస్త సిగ్గు కూడా వేసింది.

నిమిషం తిరక్కుండా ఆయన ఫోను మోగింది. లాజరు.

“ఇప్పుడు గుర్తొచ్చానా?” అంటూ ఎత్తకుండానే ఫోనును బల్ల మీద పడేశాడు. “నేను నాలుగుసార్లు చేశాను. కాసేపు ఎండలో ఉడకనీ వాణ్ణి.”

ఫోను ఆగింది, మళ్ళీ మోగింది. అలా మోగుతూనే ఉంది. టీ తెప్పించుకుని తాగాడు. “ఎత్తండి సార్, పాపం,” అన్నాడు కోటి. “నీ పని నువ్వు చూసుకో,” అన్నాడు ఆయన. ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టలేదు. ఎంత మోగితే అంత తృప్తిగా ఉంది.

అరగంట దాటాక మోగడం మానేసింది. ఎందుకో అదే ఆయనకి నచ్చలేదు. పది నిమిషాలు ఓపిక పట్టి, తనే చేశాడు. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు లాజరు.

“ఏరా, ఎండ చల్లగా ఉందా? ఎవర్ని ఎక్కించుకున్నావు బండిలో?”

“చినబాబుగారినండీ.” లాజరు గొంతు బాగా తగ్గిపోయి వినపడింది.

“ఏ చినబాబు?”

“మన హర్షబాబేనండీ. కాలేజీ ఎగ్గొట్టి, స్నేహితులతో కలిసి ముంజలకని ఇటొచ్చారంటండీ. పాము కరిచింది. మీకు తెలిస్తే తోలు తీస్తారని నాకు చేయించారండీ. ఆసుపత్రిలో చేర్పించాకే నాన్నగారికి చెప్పమని నా చేత ఒట్టేయించుకున్నారు, అందుకే మీ ఫోన్ ఎత్తలేదండయ్యగారూ. ఇంతలో బండి ఆగిపోయింది. నూటెనిమిదికి చేస్తే గంట పడుతుందన్నారు, ఆ పిల్లల్ని ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తించాను, ఇంకా రాలేదండీ. మీకు ఎన్నిసార్లు చేశానో...”

“కోటీ!” వెంకటకృష్ణారావు పెట్టిన కేకకి పక్క షాపుల వాళ్ళు బయటికి వచ్చారు. “స్టార్ట్ చెయ్! మా అబ్బాయయ్యా! స్టార్ట్ చెయ్!”

కోటి కీబోర్డు మీదికి వంగాడు. ఒకసారి తప్పు కొట్టి, మళ్ళీ కొట్టాడు. “వెళ్ళిందండీ, వెళ్ళింది!”

“లాజరూ! తాళం తిప్పరా! బండి ఏమైపోయినా ఫరవాలేదు, ఎంత స్పీడులోనైనా వచ్చెయ్! నీకు దణ్ణం పెడతాను, త్వరగా రా!”

ఫోనులోంచి ఇంజను చప్పుడు వినిపించింది.

“స్టార్టయిందండయ్యగారూ,” అన్నాడు లాజరు. “నెమ్మదిగానే తీసుకొస్తానండీ. ఇంక తొందర్లేదు.”