గుమ్మం మీద పేరు

ఆ ఊరి కరెంటు సంఘానికి లాభాల యావ లేదు. ఎవరింటి కప్పు మీద ఎండ వాళ్ల బ్యాటరీలోకే. చాలకపోతే ఇంకొకరి గుమ్మానికి వెళ్లి నోరు తెరిచి అడగాలి. ఇచ్చినవాళ్ల పేరు తీసుకున్నవాళ్ల గుమ్మం మీద వెలుగుతూ ఉండాలి. అదీ కట్టుబాటు.

పోయినేటి ముసురులో ఓదెలు ఊపిరి మిషను ఆగేలా ఉంటే, భార్య లచ్చమ్మ సంఘం డైరెక్టరు విఠల్‌రావు ఇంటికి పరుగెత్తింది.

"నీ గుడిసె మీద నా పేరు వెలగాల్నా?" అన్నాడాయన.

ఆమె తిరిగొచ్చేసరికి ఓదెలు లేడు.

మళ్లీ ముసురు పట్టింది. విఠల్‌రావు కొత్త మేడలో గృహప్రవేశం, చుట్టాలంతా దిగాక కరెంటు అయిపోయింది. ఊళ్లో అందరి బ్యాటరీలూ ఖాళీయే. నడిపే మిషను లేని లచ్చమ్మ ఇంట్లోనే నిండుగా ఉంది.

"లచ్చమ్మా, జెర కరెంటియ్యి," అన్నాడు విఠల్‌రావు ఆమె గుమ్మంలో నిలబడి.

"ఇస్త సారూ. లేదనుడు నాకు రాదు."

"పేరు మాత్రం వెలగకుండ చెయ్యరాదా?"

"పేరు ఆర్పితే కరెంటు ఆగుతది. మీ సంఘం కట్టుబాటే గద."

మీటరు మీద వేలుపెట్టి కరెంటు వదిలి, ఆయన వెనకే నడిచింది. మేడంతా జిగేలుమంటోంది. సంఘంలో మొగుడి పేరు మీదున్న సభ్యత్వం ఆమె మార్పించుకోలేదు. గుమ్మం మీద పెద్ద అక్షరాల్లో 'ఓదెలు' అని వెలుగుతోంది.

ముసలి చుట్టం ఒకాయన తలెత్తి చదివాడు. "ఎవరు బావా ఈ ఓదెలు? మంచి మనిషి లెక్కున్నడు. పిలువు, దండం పెడ్త."

లచ్చమ్మ జనంలోంచి ముందుకొచ్చి నిలబడింది.

"పిలువుండ్రి సారూ," అంది.