నత్త రోడ్డు దాటిందా?

ఏరు పొంగి ఆసుపత్రి మెట్లు మింగేసిన ఏడాది అది. కింది గదిలోని పిల్లల బొమ్మల పుస్తకాలన్నీ నాని పిండిముద్దలయ్యాయి. ఎవరో దయగలవాళ్ళు కొత్తవి పంపారు. బొమ్మల తాత బండి నిండా ఇప్పుడు అవే. తెరిస్తే పెళపెళమంటున్నాయి.

పిల్లల వార్డులో పుస్తకాలు పంచడం తాత పని. ఏ మంచానికి ఏ పుస్తకమో ఆయనకో లెక్క ఉంది. కాలు విరిగినవాడికి పరుగుపందేల పుస్తకం ఇవ్వడు. పథ్యం చేసే పిల్లకి మామిడితోట చూపించడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. కొత్త పుస్తకం తీసి సగం చెప్తాడు. సరిగ్గా ప్రాణం గొంతులోకి వచ్చే చోట టప్పున మూసేస్తాడు. బండిలో పెట్టేస్తాడు.

"ఇవాళ రుచి. రేపు పుస్తకం" అంటాడు. కథ రాత్రంతా ఊరాలట. కాళ్ళావేళ్ళా పడినా చివరిపేజీ చూపించడు.

ఆ సాయంత్రం వార్డు గుమ్మంలో నర్సు ఆయన్ని ఆపింది.

"ఇవాళైనా బండి మానకూడదూ తాతగారూ?"

"పిల్లలు చూస్తుంటారమ్మా."

నర్సు గొంతు తగ్గించింది. "పొద్దున్నే ఆపరేషన్ ఖాయం చేశారు. పెద్ద డాక్టరుగారే చేస్తారు. పిడుగుకి మాత్రం తెలియనివ్వకండి. తెలిసిందంటే వార్డు పీకి పందిరేస్తుంది."

"చెప్పను."

"మీరు ధైర్యంగా ఉండాలి మరి."

తాత తలూపాడు. బండి పిడి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు బండి వణికింది.

పిడుగు అంటే కిటికీ పక్క మంచం పిల్ల. వరదలో గోడ కూలి కాలు నుజ్జయింది. ఇప్పటికి రెండుసార్లు కోశారు. కాలు ఇంకా పైకి కట్టే ఉంది. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఏంటి తాతా ఇంత ఆలస్యం? బండికి పంక్చరా?"

తాత నవ్వలేదు. ఎముకల పుస్తకం తీశాడు. ఒంట్లో ఏ ఎముక ఏం పని చేస్తుందో రంగుల్లో వేశారు.

"నా ఎముకలు నాకు తెలుసు. ఎక్స్‌రేలో చూశా. ఇంకోటి తియ్యి."

తిమింగలాల పుస్తకం తీశాడు. అట్ట నిండా నీళ్ళు.

పిల్ల మొహం తిప్పేసుకుంది. "నీళ్ళొద్దు."

తాత దాన్ని గబుక్కున అడుక్కి తోసేశాడు. ఆ మంచానికి నీళ్ళ బొమ్మ తీయకూడదని ఆయనకి తెలియంది కాదు. బుద్ధి ఇక్కడ లేదు.

మూడోది నత్త పుస్తకం. నత్త రోడ్డు దాటడానికి బయల్దేరుతుంది. అవతల ఆకుకూర మడి ఉంది. సైకిలు పోతుంది. గేదె పోతుంది. నత్త నడిమధ్యకి వచ్చేసరికి లారీ. పేజీ నిండా టైరు.

తాత టప్పున మూసేశాడు. "రేపు."

"ఇప్పుడే చెప్పు."

"రేపు."

"రేపు నేను లేకపోతే?"

తాత చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"నర్సక్క గుసగుసలు నాకు వినిపించాయిలే" అంది పిల్ల. "ఆపరేషన్ అంది. రేపు నన్ను మళ్ళీ కోస్తారు కదూ?"

"నిన్ను కాదు."

"మరెవర్ని?"

తాత భుజం మీది తువ్వాలుతో అట్ట మీది దుమ్ము తుడిచాడు. నిన్న వచ్చిన పుస్తకం మీద దుమ్మెక్కడిది!

"అబద్ధం. పెద్దవాళ్ళు అబద్ధమాడితే ఏదో ఒకటి తుడుస్తారు. మా పిన్ని అయితే ఇల్లంతా తుడిచేస్తుంది."

నోటితో జోకులేస్తోంది గానీ పిల్ల వేళ్ళు దుప్పటి అంచుని పిండుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాత స్టూలు లాక్కుని కూలబడ్డాడు. నుదుటి మీద చెమట. వార్డులో ఫ్యాను బాగానే తిరుగుతోంది.

ఈసారి ఆయనే అడిగాడు. "మత్తిచ్చేటప్పుడు ఎలా ఉంటుందే?"

"ముక్కు మీద బుట్టలాంటిది పెడతారు. అంకెలు చెప్పమంటారు. నేను ఐదు దాకా ఎప్పుడూ పోలేదు."

"నొప్పి తెలియదా?"

"అప్పుడు తెలియదు. లేచాక తెలుస్తుంది. తెలిసిందంటే బతికున్నట్టే అని నర్సక్క అంటుంది."

తాత ఆ మాట రెండు చెవులూ పెట్టి విన్నాడు.

"చివర చెప్పు తాతా. నీ కాళ్ళు పట్టుకుందామంటే నా కాలు కట్టేశారు."

తాత పుస్తకం వంక చూశాడు. కిటికీ వంక చూశాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఎవరి ముందూ తిప్పని పేజీ తిప్పాడు.

లారీ వెళ్ళిపోయింది. రోడ్డు మీద టైరు అచ్చులు. ఆ అచ్చుల సందులో నత్త. పక్క పేజీలో నత్త ఆకు కొరుకుతోంది.

"దాటేసింది!"

"ఊఁ."

"చచ్చిపోయిందనే అనుకున్నా. నువ్వు?"

"నేనూ అంతే."

ఇద్దరూ ఆ బొమ్మని చాలాసేపు చూశారు. తాత పుస్తకం ఆమె గుండెల మీద పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచుకో. పక్క మంచాలకి నువ్వే చెప్పు. సగమే చెప్పాలి సుమా."

"ఎక్కడ ఆపాలో నాకు తెలుసులే. టైరు దగ్గర."

ఆ మాటతో పిల్లకి ఊపిరి కుదుటపడింది. పుస్తకం పట్టుకునే నిద్రపోయింది. తాత మాత్రం నర్సు వచ్చి భుజం తట్టేదాకా స్టూలు మీంచి లేవలేదు.

మర్నాడు పొద్దున బొమ్మల తాత పళ్ళసెట్టు ఊడదీసి నర్సు చేతిలో పెట్టి, ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్ళే స్ట్రెచర్ మీదికి తనే ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.