పేరు లేని పొట్లం

ఒక్క సంతకం కావాలి. రేపు పొద్దున పదింటిలోపు అది దొరక్కపోతే నజీరుద్దీన్ దుకాణం ఇక తెరుచుకోదు.

అది ఎవరు పెట్టాల్సిన సంతకమో మాత్రం అతనికి తెలియదు.

సిరొంచ బజారులో అతనిది పాత దుకాణం. ఒక పక్క కిరాణా సామాను, ఇంకో పక్క కుక్కల దాణా, పిల్లుల దాణా. పెద్ద బస్తాలు తెప్పించి పావు కిలో చొప్పున తెల్ల కవర్లలో కట్టి అమ్ముతాడు. చక్కెరకూ అదే కవరు, మీల్ మేకర్‌కూ అదే కవరు, కుక్కల దాణాకూ అదే. కవరు మీద పేరూ ఉండదు, ఊరూ ఉండదు.

చీటీ అంటించమని చెప్పనివాళ్లు లేరు. రైతు సమ్మన్న చెప్పాడు, వీధి చివరి యాదక్క చెప్పింది, ఇంట్లో భార్య లతీఫా చెప్పింది.

"ఏ కవర్ల ఏమున్నదో నా చేతికి ఎర్కే. కుక్కలు చదువుతయా ఏంది?" అని నవ్వేవాడు నజీరుద్దీన్. మనిషి మంచివాడే, చెప్పిన మాటకే చెవులు పని చేయవు.

పోయిన సోమవారం అధికారి వచ్చాడు. కవర్లన్నీ తిప్పి తిప్పి చూశాడు. ఏ జంతువు తిండో రాసి లేదు. అందులో ఏమేం కలిపారో లేదు. గడువు తేదీ లేదు. మనుషులు తినకూడదన్న మాట అసలే లేదు. పంచనామా రాసి దుకాణానికి సీలు వేశాడు.

"నీ మీద తక్రార్ వచ్చింది" అంటూ జేబులోంచి ఒక ఫిర్యాదు కాగితం తీసి చదివాడు. 'కవరు మీద పేరు లేక, కుక్కల దాణాను మీల్ మేకర్ అనుకొని కూర వండినం. తిన్న మనిషి పది దినాలు మంచం దిగలేదు.'

"ఎవలు సార్ రాసింది?"

"పేరు మేం చెప్పొద్దు. నువ్వు లేబుళ్లు కొట్టించు. వాళ్లకు చూపించు. ఇగ మాకు తక్రార్ లేదని ఒక కాయితం మీద వాళ్లు సంతకం పెడితే సీలు తీస్త. వారం దినాలు టైం."

ఆ రోజంతా నజీరుద్దీన్ ఊగిపోయాడు. "దొరకాలె గని, వాళ్లను సిరొంచల ఉండనియ్య" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"లేబుల్ పెట్టుమని సార్లు జర బెదిరిస్తరనుకున్నరేమో, సానియా అబ్బా" అంది లతీఫా మెల్లగా. కూతురు పుట్టిన నాటి నుంచి మొగుణ్ణి ఆమె పిలిచే పిలుపు అదే. "దుకాణమే మూస్తరని వాళ్లకేం ఎర్క?"

"వాళ్ల దిక్కే మాట్లాడుతున్నవా నువ్వు?" అని కసిరాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడే లేబుళ్లు అచ్చు వేయించాడు. అవి సంచిలో వేసుకుని, దాణా కొనే ఇళ్లన్నీ గుర్తు చేసుకుని బయలుదేరాడు.

ముందు గోదావరి ఒడ్డున పొలంలో సమ్మన్నను పట్టుకున్నాడు. అడవి పందుల నుంచి పంట కాపలాకు అతనికి రెండు కుక్కలున్నాయి.

"నాకు కోపమొస్తే కట్టె పట్టుకొని వస్త, కాయితం పట్టుకొని పోను" అన్నాడు సమ్మన్న. "అది సరే, ఏంది నజీర్ భాయ్, గింత చిక్కినవ్?"

"దుకాణం పోతుంటే చిక్కరా మరి?"

యాదక్క పిల్లిని ఒళ్లో పెట్టుకునే మాట్లాడింది. "నేను రాయలే సేటూ. గని తిన్నోళ్ల ఉసురు ఊకనే పోతదా?"

ఆ మాట తిన్నగా గుండెలో దిగింది. ఆ రోజు నుంచి అతని తిట్లు ఆగిపోయాయి. పది రోజులు మంచం! ఎవరి తండ్రో, ఎవరి మొగుడో. లేచాడో లేదో. తన చేత్తో కట్టిన పొట్లమే కదా. కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేసేవాడు. లతీఫా కూడా కంచం ముందు ఊరికే కూర్చుని లేచిపోయేది.

ఆఖరి రోజు బస్సెక్కి జిమల్‌గట్ట పోయాడు. అక్కడ విలాస్ అని, నెలకోసారి దాణా కొనేవాడు ఒక్కడు మిగిలాడు. బస్సు దిగి నడవడం మొదలుపెట్టాడు. వానల్లో పట్టిన జబ్బు నీరసం ఇంకా వదల్లేదు. దారిలో రెండుసార్లు కూర్చున్నాడు.

"మేం చాపలు తింటం, కోళ్లు తింటం. మీల్ మేకర్ ఎవలు తింటరు భాయ్?" అని విలాస్ నవ్వాడు. నజీరుద్దీన్ అక్కడే, అతని గడపలో కూలబడ్డాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు గుంకింది. సంచి విసిరేశాడు. లేబుళ్లు ఇల్లంతా చెదిరాయి. సంతకం లేని కాగితం మంచం మీద పెట్టి, అరవై ఏళ్ల మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"దుకాణం పోతే పోనీ లతీఫా. నా మీద రాసినోళ్లది తప్పు లేదు, తప్పంత నాదే. ఆ తిన్న మనిషి ఎవలో ఒక్కపారి కనవడితే చాలు. కాళ్ల మీద పడి మాఫీ అడుగుత."

లతీఫా చెంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత గూట్లోంచి పెన్ను తీసింది.

కాగితం ముందుకు లాక్కుని, సంతకం చోట తన పేరు రాసి, "ఎవల కాళ్ల మీద పడకు, సానియా అబ్బా... వండింది నేను, తిన్నది నువ్వు" అంది.