అలసటకి సున్నా

"ఈ వారం నీ అలసట ఎంతక్కా? పదికి ఎంతో చెప్పు."

"అల్‌హమ్‌దులిల్లా," అంది నవాల్, కీళ్లవాతంతో వంకర్లు పోయిన వేళ్లు ఒళ్లో దాచుకుంటూ.

దేవుడి దయ అన్నాక ఇంకేముంది? ఈజిప్టులోని మా మిన్యా ఆస్పత్రిలో ఆ మాటన్న అందరికీ వేసినట్టే సున్నా వేశాను.

మొగుడు షౌఖీ కాగితంలోకి తొంగి చూసి బల్ల గుద్దాడు. "సున్నా! చూశావా సిస్టర్? మరి పొద్దున రొట్టెల పిండి కలపమంటే కూలబడింది. అంతా నాటకం!"

"అరవకు. ఇది ఆస్పత్రి," అన్నాను.

వింటేనా? ఛెళ్లున ఆమె చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. మళ్లీ చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు. రెండోదీ తగిలింది.

చేతిలో ఉన్న, కాగితాలు పెట్టుకునే అట్టతోనే వాడి మొహం మీద ఒక్కటిచ్చాను. కాపలావాళ్లు వచ్చి బయటికి ఈడ్చుకుపోయారు.

"రెండోసారైనా చెయ్యి అడ్డం పెట్టుకోవద్దా అక్కా?" అన్నాను, రక్తం తుడుస్తూ.

"ఎత్తే ఓపిక లేదమ్మా," అంది. వెంటనే తప్పు మాట అన్నట్టు కంగారుపడి, "అయినా అల్‌హమ్‌దులిల్లా," అంది.

సున్నా కొట్టేసి పది వేశాను.

తర్వాత, పొద్దుట్నుంచి నేను నింపిన కాగితాల కట్ట విప్పాను. అన్నీ సున్నాలే.