ఎముకలు చూసే తలుపు

హెచ్‌ఐవీతో ముప్పయ్యేళ్లు నెట్టుకొచ్చిన అప్పలనరసయ్యగారిని చివరికి సొంతింటి తలుపు ఆపేసింది. ఇప్పుడు ఊళ్లో మేడలన్నిటికీ అలాంటి తలుపులే. ఎముకల్లో బలం చాలకపోతే అవి మెట్లు దిగనివ్వవు. ఆ జబ్బుకి ఇన్నేళ్లూ వాడిన మందులతో ఆయన ఎముకలు గుల్లబారాయి. ఎముకలు గట్టిపడాలంటే ఎండలో తిరగమన్నాడు డాక్టరు. ఎండలోకి వెళ్లాలంటే ఎముకలు గట్టిపడాలంది తలుపు.

తోడుంటే వదులుతుందని విని, రేకులింట్లో ఉండే చెల్లెలు పైడితల్లి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. తలుపు ఆమె ఎముకలూ చూసి చెప్పింది:

"మీ ఎముకలు ఆయన కన్నా గుల్ల. ఇద్దరూ లోపలే ఉండండి."

"బాగుంది. మా ఇంటి తలుపుకైతే గడియే సరిగ్గా పడదు," అంది పైడితల్లి.

ఆమె ఇంకా తన చెయ్యి వదల్లేదని నరసయ్యగారు గమనించారు.

కిటికీ తెరిస్తే నేల మీద పీటంత ఎండ పడింది. పైడితల్లి ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. ఎండ కదిలినప్పుడల్లా, "జరుగన్నయ్యా," అంటూ సాయంత్రం దాకా ఆయన్ని దాని వెంటే జరుపుతూ ఉంది.